రెండు నెలలు తగ్గించి చెప్పాం

ఎన్నో నెలని ఎవరడిగినా రెండు నెలలు తగ్గించి చెప్పాలని మా అత్త కట్టడి చేసింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, మేము పులివెందులలో కాపురం ఉన్నప్పటి మాట ఇది. అంతకు ముందు ఏడాది నాకు ఐదో నెలలో కడుపు పోయింది. పోవడానికి వారం ముందు, ప్రొద్దుటూరులో మా పుట్టింటి వీధిలో ఒకామె నన్ను ఎగాదిగా చూసి, "ఏంది పాపా, ఐదో నెలకే ఇంత కడుపా!" అంది. ఆ దిష్టే తగిలిందని మా అత్త తీర్మానించేసింది. మా అత్తను అనుకుని ఏం లాభం, నా నమ్మకమూ అదే.

మళ్లీ నెల తప్పినప్పుడు ఈసారి జమ్మలమడుగు ఆసుపత్రిలోనే కాన్పు కావాలని మా ఆయన పట్టుబట్టాడు. అక్కడ డాక్టరమ్మ ఉంది. మా అత్త అడ్డం చెప్పలేదు. "పోదాంలే, నేనేమన్నా వద్దంటాండానా? నెల మాత్రం నువ్వు చెప్పాకు, నేను చెప్తా. ఆడ బెంచీల మీద ఊరూరి ఆడోళ్లు కూసోనుంటారు. ఎవురి కండ్లు ఎట్లాంటివో!" అంది. పుట్టింటికి రాయించిన ఉత్తరంలో కూడా రెండు నెలలు కోసేసింది. కన్నతల్లికి కూడా అబద్ధమేనా అని నేను నవ్వాను. ఎంత బుద్ధిలేనిదాన్నో!

మొదటిసారి ఆసుపత్రికి వెళ్లేసరికి నాకు ఐదో నెల. ఆఖరిసారి బయట చేరింది ఎప్పుడని డాక్టరమ్మ అడిగింది. శ్రావణ మాసంలో అని నా నాలుక చివరిదాకా వచ్చింది. మా అత్త ముందుగా అందుకుని, "దసరా అయినంక తల్లీ" అంది. డాక్టరమ్మ ఆ మాటే కార్డు మీద రాసుకుంది.

తరవాత నెలనెలా ముద్దనూరు మీదుగా బస్సులో వెళ్లేవాళ్లం. చూలాళ్లందరినీ కూర్చోబెట్టి ఒక నర్సమ్మ ఓపిగ్గా చెప్పేది. పాత పంచెలు ఉడకబెట్టి ఎండలో ఆరేసి పెట్టుకోమనేది. ముర్రుపాలు పారబోయొద్దనేది. "కాళ్లూ మొహమూ ఉబ్బినా, తల పగిలిపోయేట్టు నొప్పొచ్చినా, కళ్ల ముందు మెరుపులు కనబడినా ఒక్క పూట కూడా ఇంట్లో ఉండొద్దు" అని మరీమరీ చెప్పేది. నేను పంచెలు ఉడకబెట్టాను. పుట్టకముందే గుడ్డలు ఎవరైనా చూస్తే ఇంకేమన్నా ఉందా అని మా అత్త వాటిని పెట్టెలో అడుగున దాచింది.

వైశాఖంలో ఎండలు మండిపోతున్నాయి. ఒకరోజు పొద్దున్నే నా కాలి మెట్టెలు ఊడి రాలేదు. సబ్బు రాసినా రాలేదు. మధ్యాహ్నానికి కళ్ల దగ్గర వాపు, తలనొప్పి. నర్సమ్మ చెప్పినవి ఒక్కొక్కటే వస్తున్నాయి. మా ఆయన ఊళ్లో లేడు. నేనూ మా అత్తా ఉన్న బస్సే పట్టుకుని జమ్మలమడుగు చేరాం.

బీపీ చూశారు. మూత్రం కాచి చూశారు. గాజు గొట్టంలో విరిగిన పాలలా తెల్లగా తేలింది. డాక్టరమ్మ నా మంచం దగ్గరికి వచ్చి, దాపరికం లేకుండా చెప్పింది.

"ఇది ప్రమాదమమ్మా. నెలలు నిండి ఉంటే ఈరోజే కాన్పు చేసేస్తాను. కానీ ఏడో నెల బిడ్డ ఇప్పుడు బయటికొస్తే బతకదు. అందుకని మందులిచ్చి నాలుగు రోజులు ఆపి చూడాలి. సరిగ్గా ఆలోచించి చెప్పండి. ఎన్నో నెల?"

అప్పటికి నాకు తొమ్మిది నిండుతున్నాయి. ఆ వార్డులో వరసగా మంచాలు, ప్రతి మంచం మీదా కడుపుతో ఉన్న ఒక మనిషి. అందరూ మా వైపే చూస్తున్నారు. మా అత్త నా చెయ్యి గట్టిగా నొక్కి, "ఏడే తల్లీ" అంది.

కాసేపటికి ఆమె నీళ్లు పట్టుకురావడానికి కొళాయి దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. నా కడుపు తడిమి, "బిడ్డ చిన్నగానే ఉంది. కానీ తల గట్టిగా తగులుతోంది. నువ్వు చెప్పమ్మా, మీ అత్త లేదుగా" అని మెల్లిగా అడిగింది. పక్క మంచం ఆమె తల ఇటు తిప్పింది. ఆమె కళ్లు నా కడుపు మీదే ఉన్నాయి. పోయిన బిడ్డ గుర్తొచ్చింది. ఈసారి నా చెయ్యి ఎవరూ నొక్కలేదు.

"ఏడు" అన్నాను.

వెలుతురు పడితే మూర్ఛ వస్తుందని కిటికీలకు దుప్పట్లు కట్టి నన్ను చీకట్లో పడుకోబెట్టారు. ఉప్పు లేని జావ తాగాను. మొదటి రోజు బిడ్డ పక్కటెముకల కింద బాగానే తన్నింది. రెండో రోజు సాయంత్రానికి కదలిక పలచబడింది. మా అత్తతో చెప్తే, "నిద్ర పోతాంటాదిలే" అంది. ఇప్పుడైనా నిజం చెబుదామా అని నేను అడగలేదు, ఆమె అనలేదు. మూడో రోజు పొద్దున లేచేసరికి కడుపు రాయిలా ఉంది. నర్సమ్మ గొట్టం పెట్టి వింది. చోటు మార్చి వింది. మళ్లీ మార్చింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. ఆమె నన్ను చూడకుండా డాక్టరమ్మ కోసం వెళ్లిపోయింది.

సాయంత్రానికి కాన్పయింది. ఆడపిల్ల. ఏడుపు లేదు. నర్సమ్మ ఆ చిన్న చెయ్యి పట్టుకుని చూసి, "గోళ్లు వేళ్లు దాటి పెరిగాయి డాక్టర్. ఇది ఏడో నెల బిడ్డ కాదు" అంది.

మా అత్త వచ్చి డాక్టరమ్మ కాళ్ల మీద పడింది. "నేనే తల్లీ అబద్ధం చెప్పింది. తొమ్మిది నిండినాయి. ఆ పిల్లకేం తెల్దు, దాన్నేమీ అనాకండి" అని నేలకేసి తల కొట్టుకుంది.

డాక్టరమ్మ నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మా ఆయన ఏడాది పాటు తల్లితో మాట్లాడలేదు. ప్రొద్దుటూరు నుంచి మా వాళ్లొచ్చి మా గడపలో నిలబడి, బిడ్డను మింగిన మనిషివని ఆమెను నోటికొచ్చినట్టు తిట్టారు. ఆమె అన్నీ పడింది. తరవాత నాకు ఇద్దరు పిల్లలు పుడితే ఇద్దరికీ కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసింది. డాక్టరమ్మ నన్ను ఒంటరిగా అడిగిందని ఆమెకు చివరిదాకా తెలియదు. నేను చెప్పలేదు.