నేను ఏరిన గాలపు గిరక

మా చిన్నప్పుడు... కల్వకుర్తి అంగడిలో ఖాదర్ భాయ్ దుకాణమంటే నేల మీద పరిచిన ఒక గోనెపట్టా. ప్రాజెక్టు పనులు ముగించుకుని వెళ్లిపోయిన దొరల బంగళాల్లో మిగిలిన సామాను ఎలాగో అతని దగ్గరికి చేరేది. మూత లేని కెటిళ్లు, ఒంటి బూట్లు, నడవని గడియారాలు. ఆ రోజు వాటి మధ్య మూడు గాలపు గిరకలు ఉన్నాయి.

పిడికిలంత డబ్బా. ముందు మూత, మూత నడుమ చిన్న రంధ్రం, అందులోంచి దారం. వెనక బొత్తాం, పక్కన తిప్పే పిడి. బొత్తాం నొక్కిపట్టి, కర్ర విసురుతూ వదిలితే దారం నీళ్ల మీదికి పరుగు తీస్తుంది. దీన్ని స్పిన్‌కాస్ట్ రీల్ అంటారట. మాకు మాత్రం తిరిగేదల్లా గిరకే.

మా బాపు మేకలు కాసుకుంటూ ఎకరం జొన్న వేసే మనిషి. తీరిక దొరికితే వెదురు గాలంతో చెరువు ఒడ్డున కూర్చునేవాడు. పెద్ద బొచ్చె చేపలేమో ఆయన దారం అందని నడిమి నీళ్లలో ఉండేవి. అవి తన కోసమే అక్కడ ఆగి ఉన్నాయని ఆయన నమ్మకం.

"నా కండ్లకు మూడూ ఒక్క తీరుగనే ఉన్నయ్. సదువుకునేదానివి, నువ్వు ఏరు బిడ్డా" అన్నాడు. నాది నాలుగో తరగతి. ఆ మాటకు నేను ఎంత ఉబ్బానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గు...

చేదబావి గిరకను మా అవ్వ, అంటే బాపు తల్లి, చెవి దగ్గర పెట్టుకుని తిప్పి కొనేది. నేనూ అదే చేశాను. మొదటిది పెళ్లికొడుకులా మెరిసిపోతోంది గానీ, తిప్పితే లోపల ఇసుక నమిలినట్టు చప్పుడు. రెండోదాని బొత్తాం పది సార్లు నొక్కితే మూడు సార్లు పైకి రాలేదు. మూడోది రంగు పోయిన కురూపి. చెవిలో చప్పుడు లేదు, బొత్తాం ప్రతిసారీ లేచింది, రంధ్రం అంచు వేలికి నున్నగా తగిలింది. దారం గట్టిగా గుంజితే తెగకుండా కొంచెం కొంచెంగా వదిలింది.

"గీ నల్లది" అన్నాను.

"అన్నా, నీ బిడ్డ నా కడుపు కొట్టింది. మంచిది నేను దాసుకుందామనుకున్న" అని ఖాదర్ భాయ్ నవ్వాడు. బాపు అవతలికి వెళ్లగానే నాతో అన్నాడు. "బిడ్డా, మిషిన్ నూనె ఒక్క బొట్టు ఎయ్యాలె, గంతే. చిక్కటిది పెడితే పట్టేస్తది. మీ బాపుకు చెప్పు."

బాపు తిరిగి వచ్చాడు, చేతిలో చుట్టిన పలుపుతో. అది మా బొల్లి మేకది. మా దిక్కు జీవాన్ని అమ్మితే మెడ పలుపు ఇవ్వరు, విప్పుకుని ఇంటికి తెచ్చుకుంటారు. బొల్లిని పశువుల దవాఖానలో చూపించాలని వెంట తెచ్చాడు గదా అనుకున్నాను... బొల్లి ఇక ఖాదర్ భాయ్‌ది. గిరక వెల ఏమిటో అప్పుడు తెలిసింది. పాలు మానిన నాటి నుంచి దాన్ని మేపింది నేనే.

నా మొహం చూసి ఖాదర్ భాయే మెత్తబడ్డాడు. "వచ్చే అంగడి దాక మేకను ఎవ్వరికీ అమ్మ. గీ లోపల గిరక చెడిపోతే తెచ్చి నా మొకాన కొట్టుండ్రి, మేకను తోలుకపోండ్రి."

ఆ వారమంతా నేను ఒకటే కోరుకున్నాను. గిరక చెడాలి.

ఇంట్లో అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి తీర్పు చెప్పింది. "ఎండిపోయిందిరా. ఇరుసుకు పెట్టమా? కందెన పెట్టు." బండి ఇరుసుకు పూసే, ఆముదంలో గడ్డి మసి కలిపిన నల్లటి ముద్దను బాపు మూత విప్పి నిండా కూరాడు, పసిపిల్లకు ఉగ్గు పెట్టినంత ప్రేమగా. నేను పక్కనే కూర్చుని పదమూడో ఎక్కం గట్టిగా చదువుతున్నాను. అంత గొంతూ ఒక్క మాట చెప్పడానికి పెగల్లేదు.

మరుసటి రోజు చెరువు దగ్గర గాలం విసిరితే దారం రెండు బారలు పోయి ఆగింది. అదృష్టమో దురదృష్టమో, అక్కడే బొచ్చె పట్టింది. బాపు పిడి తిప్పితే కదలదు, దారం వదలదు. టప్పున తెగింది. ఒడ్డున ఉన్న మా మేనమామ, "బావా, గా డబ్బాల తంబాకు పోసుకో, పనికొస్తది" అన్నాడు. బాపు నవ్వలేదు. నేను లోలోపల నవ్వాను.

అంగడి రోజు పలుపు నేనే పట్టుకుని నడిచాను. బొల్లి అక్కడే కట్టేసి ఉంది. ఖాదర్ భాయ్ మూత విప్పి, వేలితో తీసి వాసన చూశాడు.

"గిదేందన్నా, ఎద్దుల బండి అనుకున్నవా? బిడ్డా, నీకు చెప్పిన గదా!"

బాపు నా వైపు చూశాడు. నేను బొల్లి వైపు చూశాను. ఖాదర్ భాయ్ గాసునూనెతో కడిగి, తుడిచి, మిషిన్ నూనె ఒక్క బొట్టు వేశాడు. గిరక తిరిగింది, చప్పుడే లేదు. చెడిపోలేదు గనుక మేక రాలేదు. బొల్లి నన్ను ఒకసారి చూసి, మళ్లీ ఆకులు నమలడంలో పడింది. దానికి నా అంత బాధ ఉన్నట్టు కనిపించలేదు.

తిరిగి వస్తూ బాపు అడిగాడు.

"నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

బాపు గిరకను చెవి దగ్గర పెట్టుకుని తిప్పి అన్నాడు. "ఏరుడు మాత్రం మంచిగ ఏరినవ్."

ఆ గిరక బాపు ఉన్నంత కాలం తిరిగింది. తర్వాత నేను బడిపంతులమ్మనై ఏళ్ల తరబడి పిల్లలకు ఎక్కాలు చెప్పాను. పదమూడో ఎక్కం దగ్గర మాత్రం గొంతు కొంచెం తగ్గించేదాన్ని...

మొన్న మా మనవడు ఫోన్‌లో గాలపు రీళ్లు చూపించి, వాటి కింద నక్షత్రాలు లెక్కపెడుతూ, ఏది నమ్మకంగా పనిచేస్తుందో చెప్పమన్నాడు. చెవి దగ్గర పెట్టుకుని తిప్పి చూడరా అన్నాను. ఫోన్‌కు చెవి ఆనిస్తే ఏం వినిపిస్తుంది అవ్వా అని నవ్వాడు. నిజమే... ఇప్పుడు వస్తువు ఇంటికొచ్చాకే దాని గొంతు వింటాం. నచ్చకపోతే వెనక్కి పంపేస్తాం. మా రోజుల్లో వెనక్కి రానిది మేక.

గిరకా, పలుపూ ఇప్పటికీ మా ఇంట్లో ఒకే మేకుకు వేలాడుతున్నాయి. సరిగ్గా ఎంచుకుని మరీ బాధపడ్డ వస్తువు మీ ఇంట్లోనూ ఏదో ఒక మేకుకు ఉండే ఉంటుంది... అదేమిటో రాయండి, చదువుతాను.