నేను చదివి వినిపించిన ముగింపు

ఈ మాట నా దగ్గర శానా ఏళ్ళుగా ఉంది. అమ్ముడుపోని సరుకు. పారేద్దామంటే చెయ్యి రాదు, పైకి తీద్దామంటే ధైర్యం చాలదు. కంచం ముందు కూర్చున్నప్పుడు గుర్తొస్తుంది. బిల్లు రాస్తుంటే గుర్తొస్తుంది. ఎవరైనా పిల్లలకు కథ చదివి వినిపిస్తుంటే అక్కడినుంచి లేచి వెళ్ళిపోతాను. నాకు ఓపిక లేదని మా ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. అనుకోనీ. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళతో అయితే ఎంత తగ్గించి చెబితే గిట్టుబాటవుతుందా అని నోరు తెరవకముందే లెక్కేసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

మాది ప్రొద్దుటూరు. నాయనది చీరల అంగడి. పోగు లేచిన చోటు మడత లోపలికి పోయేట్టు చీర మడవడం నాకు అక్షరాలకంటే ముందు వచ్చింది. కొనేవాళ్ళు విప్పి చూసుకుంటే వాళ్ళ అదృష్టం, చూసుకోకపోతే మా అదృష్టం. అది మోసమని మేమెప్పుడూ అనుకోలేదు. కళ్ళున్నవాళ్ళే గదా, చూసుకోవచ్చు గదా అనేవాళ్ళం. డిగ్రీ అయ్యాక చీరలంటే విసుగు పుట్టి, అంగడి మిద్దె మీద నాలుగు కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటర్ తెరిచాను. ఫ్యాక్షన్ పోయింది, ఇప్పుడంతా పార్టీలే అని జనం చెప్పుకునే రోజులవి. నిజమే. అవే సుమోలు, అవే మనుషులు. బానెట్ మీద జెండా మాత్రం కొత్తది.

గిరాకీ లేనప్పుడు నేనొక ఆట ఆడేవాణ్ణి. విజువల్ నావెల్ అంటారు. తెర మీద బొమ్మ వస్తుంది, కింద మాటలు వస్తాయి, చదువుకుంటూ పోవడమే. అక్కడక్కడ ఆగి, ఇప్పుడేం చేస్తావు అని రెండు మూడు దారులు చూపిస్తుంది. ఎంచుకున్న దాన్ని బట్టి కథ మారుతుంది, ముగింపూ మారుతుంది. అమ్మాయి మనసు గెలవడం ఆట. అందుకే దిగాను, దాచేదేముంది. కొండ మీద ఒక ఊరు, అందులో కుండలు చేయడం నేర్పే బడి. ఒక కాలు ఈడుస్తూ ఆ బడికి కొత్తగా వచ్చిన అబ్బాయి మనం. అక్కడ, కుండలు కాల్చే ఆవం పేలి చూపు పోయిన అమ్మాయి ఒకతి ఉంటుంది. ఆమె అడగకుండానే చెయ్యి పట్టుకుని నడిపించే దారి ఎంచుకున్నామా, ఆమె మర్యాదగా నవ్వుతుంది, కృతజ్ఞత చెబుతుంది, కథ అక్కడితో చచ్చిపోతుంది. నేను మొదట అదే చేశాను, మళ్ళీ మళ్ళీ అదే చేశాను. మంచితనం ఎక్కువ పోస్తే ప్రేమ ఎక్కువ తూగుతుందనుకునే రకం నేను. ఆ ఆటలో మారాల్సింది చూపులేని పిల్ల కాదు, ఆడేవాడు అని అర్థం కావడానికి నాకు నెలలు పట్టింది. అర్థమైంది మాత్రం నిజం. అర్థం కాక చేసిన తప్పయితే ఇంత దూరం మోసేవాణ్ణి కాదు.

మల్లీశ్వరి అప్పుడే మా సెంటరుకు రావడం మొదలుపెట్టింది. జమ్మలమడుగు దగ్గర పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. ఎన్నికల ముందు వాళ్ళన్న పోలింగు ఏజెంటుగా కూర్చుంటానని ఒప్పుకున్నాడు. అతని తప్పు అంతే. అన్నాచెల్లెళ్ళు బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే బాంబులేశారు. అన్న అక్కడే పోయాడు. ఆమెకు చూపు పోయింది. వేసినవాడు పక్క పల్లె మనిషి, ఆమె చిన్నప్పటినుంచీ ఎరిగినవాడు. ఆమె ఈ లోకంలో ఆఖరుగా చూసింది వాడి ముఖం.

తెర మీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్‌తో టైపింగ్ నేర్చుకోవడానికి వచ్చేది. వాళ్ళ నాయన తెచ్చి వదిలి, బజారు పనులు చూసుకుని వచ్చేవాడు. ఒకరోజు నేను ఆట ఆడుతుంటే, అందులోని సంగీతం విని, ఏందన్నా అది అని అడిగింది. చెప్పాను. ఆ సాఫ్ట్‌వేర్ ఆటలోని మాటలను చదవలేదు, అందుకని నేనే చదివాను. ఇంగ్లీషును నోటికొచ్చిన తెలుగులోకి తిప్పుతూ, బొమ్మలో ఏముందో చెబుతూ. దారి ఆమె ఎంచుకునేది. "ఈ పిల్లకు శానా ఓర్పు అన్నా. నన్నెవడన్నా అట్ల చెయ్యిబట్టి ఈడ్సుకపోతే చెంబుతో ఏసేదాన్ని" అనేది. నేను నెలలు తిప్పలుపడి నేర్చుకున్న దారిని ఆమె మొదటిసారే పట్టుకునేది. ఆ అబ్బాయి నీ మాదిరే మాట్లాడతాడన్నా అని ఒకసారి నవ్వింది. మాట్లాడేది నేనే గదా, ఇంకెట్లా ఉంటాడు. కానీ ఆ మాట నాకు బాగుండింది. బాగుండిందని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

జమ్మలమడుగు కోర్టులో కేసు విచారణకొచ్చింది. చూసి చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే. చెబితే వాడు లోపలికి పోతాడు, చెప్పకపోతే కేసు లేదు. నీ ఇష్టం పాపా అని వాళ్ళ నాయన ఆమెకే వదిలేశాడు.

ఆ వారమే ఒక పెద్దమనిషి మా అంగడికి వచ్చాడు. ముద్దనూరు వైపు వాడు. పేరు చెప్పను, మేమంతా మామా అనేవాళ్ళం. బాంబులేసినవాడు ఆయన వెనక ఉన్న పెద్దాయన మనిషే. ఆ పెద్దాయన ఏ పార్టీ అని మీరు అడగద్దు, అప్పటికీ ఇప్పటికీ ఆయనకే గుర్తుండదు. మామ చీరలేమీ అడగలేదు. గల్లా పక్కన కూర్చుని, ఒక పట్టుచీర కొంగు రెండు వేళ్ళ మధ్య పెట్టి రుద్దుతూ, ఈ కట్టడం ఎవరిది అబ్బీ అన్నాడు. పెద్దాయన బావమరిదిదని ఆయనకు తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు. తర్వాత మెల్లగా అన్నాడు: "కండ్లు ల్యానోళ్ళకు చెవులు బాగ పన్జేస్తాయంటారే. ఒక మంచిమాట ఎయ్యి ఆ పాప చెవిలో. ఆ ఇంటికి ఇంకో కష్టం రాగూడదని పెద్దాయన ఒకటే బాధపడతాండాడు."

భయపడ్డాను. అక్కడితో ఆగి ఉంటే భయపడ్డవాడిగా మిగిలేవాణ్ణి, అది కొంచెం మర్యాద. వాళ్ళు బెదిరించడానికి వచ్చారు. నేను దాన్ని బేరం చేశాను. అంగడి బాడుగ అగ్రిమెంటు మా నాయన పేరు మీద ఇంకొన్నేళ్ళు పొడిగించి రాయించండి మామా అన్నాను. ఆయన నా ముఖం చూసి, మెచ్చుకున్నట్టు తలాడించాడు. ఆ మెచ్చుకోలు చూసి నాకు లోపల కొంచెం గర్వం కూడా కలిగింది. ఇదే నాకు ఇప్పటికీ మింగుడుపడనిది.

ఆమె తర్వాతిసారి వచ్చినప్పుడు ఆటలో మేము పంచాయితీ దగ్గరికి చేరాం. ఆవం పేలింది ప్రమాదం కాదు, బడి పెద్దగారి కొడుకు చేసిన పని. ఆ అమ్మాయికి తెలుసు. ఊరంతా కూడింది, ఆమె లేచి నిలబడింది. తెర మీద అబ్బాయికి మూడు దారులు. ఆమెను ఆపు. ఆమె బదులు నువ్వు చెప్పు. పక్కన నిలబడు.

మల్లీశ్వరి తన కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది.

"ఈ పిల్ల చెప్తే ఏమైతాదో సూసి, కోర్టు సంగతి అప్పుడు అనుకుంటా అన్నా" అంది.

"ఇది ఆట మల్లీ" అన్నాను.

"తెలుసులే. పక్కన నిలబడమను."

నొక్కాను. తెర మీద ఆ అమ్మాయి చెప్పింది. ఊరు నమ్మింది. బడి పెద్దగారి కొడుకు తల దించుకున్నాడు. తర్వాతి బొమ్మలో ఆ అమ్మాయి కొండదారిలో తన కర్రతో తానే దిగిపోతోంది, ముఖం ఎండకెత్తి నవ్వుతోంది. అబ్బాయి నాలుగడుగులు వెనక ఉన్నాడు. అంత మంచి ముగింపు ఆ ఆటలో ఇంకోటి లేదు.

నేను వేరేది చదివాను. ఎవరూ నమ్మలేదని చదివాను. వాళ్ళమ్మ మంచం పట్టిందని చదివాను. అబ్బాయి బస్సెక్కి ఊరొదిలి పోయాడని చదివాను. నా గొంతు ఎక్కడా తడబడలేదు. చీర అమ్మేటప్పుడు కూడా తడబడేది కాదు.

"బొమ్మలో ఆ పిల్ల ఎట్లుండాది?"

"తల దించుకోనుండాది."

"ఒక్కతే ఉండాదా?"

"ఒక్కతే."

"ఎనక్కి పో అన్నా. ఆపమను, సూద్దాం."

ఆపడమంటే అడగకుండా చెయ్యి పట్టుకోవడం లాంటిదే, ఆటలో కథ అక్కడితో చచ్చిపోతుంది. తెర నల్లబడింది. ఆ నల్లటి తెరను చూస్తూ నేను అల్లుకుంటూ పోయాను. అబ్బాయి ఆమె చెయ్యి పట్టుకున్నాడని, ఊరివాళ్ళు వాళ్ళకొక ఇల్లు చూపించారని, పెళ్ళయిందని. ఆ అబ్బాయి ఎవరి గొంతుతో మాట్లాడతాడో ఆమెకు తెలుసు. అది నాకూ తెలుసు. పెళ్ళి అనే మాట దగ్గర నా గొంతు కొంచెం మెత్తబడింది. కావాలని మెత్తబరిచానా? అవునని చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది.

కోర్టులో ఆమె, ఎవరేసినారో నేను చూళ్ళేదు సామీ అందట. ఒక్క వాక్యం. కేసు పోయింది. వాడు బయటికొచ్చిన రోజు ఊరేగింపు మా బజారు మీదుగానే వెళ్ళింది. కప్పిన శాలువలు మా అంగడివే, మా నాయన మంచి రకం చూసి ఇచ్చాడు. అగ్రిమెంటు పొడిగించారు, మాట తప్పలేదు. తర్వాత ఎప్పుడో వాడి పేరు ఇంకో ఊళ్ళో, ఇంకో బాంబు దగ్గర వినిపించింది. ఈసారి చూసి చెప్పడానికి ఎవరూ మిగల్లేదు.

మల్లీశ్వరి ఆ తర్వాత ఒక్కసారి సెంటరుకొచ్చింది. నేను కడపకు పోయానని కింద అంగట్లోవాళ్ళతో చెప్పించాను. మిద్దె మెట్ల మీద కూర్చుని ఉన్నాను. ఆమె కర్ర గడపకు తగిలిన చప్పుడు వినిపించింది, వెనక్కి తిరిగిన చప్పుడూ వినిపించింది.

ఒక ఆట విని సాక్ష్యం మార్చుకునేంత తెలివితక్కువదా ఆమె? వాళ్ళ నాయన కోసం భయపడి ఉండదా? మామ వాళ్ళింటికి వేరే మనుషులను పంపి ఉండడా? చెప్పి ఉంటే చంపేవాళ్ళేమో, నేనే కాపాడానేమో? ఈ ప్రశ్నలను మార్చి మార్చి అడ్డం పెట్టుకుని బతికాను. అన్నీ మంచి ప్రశ్నలే. కానీ ఆ రోజు ఆమె నన్ను అడిగింది ఒక్కటే, తెర మీద ఏముందని. మిగతాదంతా ఆమె తేల్చుకోగలదు. తేల్చుకోవడానికి ఒక మంచి దారి కూడా ఉందని ఆమెకు తెలియకుండా చేసింది నేను.

మొన్న ఫోనొచ్చింది. గొంతు వెంటనే గుర్తుపట్టాను. పులివెందులలో చూపులేని పిల్లల బడిలో టీచరుగా ఉందట. బాగున్నావా అన్నా, పిల్లలెంతమంది అని మామూలుగా అడిగింది. తర్వాత అసలు సంగతి చెప్పింది. నేను చదివిన కథను ప్రతి ఏడూ తన బడి పిల్లలకు చెబుతుందట. పంచాయితీ, ఆపడం, పెళ్ళి, అంతా. ఈ ఏటి ఆడపిల్లలు మాత్రం ఒప్పుకోవడం లేదట. "ముగింపు బాగల్యా టీచర్, ఎవురో మార్చినారు అంటాండారన్నా. శానా పట్టుబట్టినారు. ఆ ఆట పేరు చెప్పు, ఇంకో టీచరమ్మతో మొదట్నుంచి చదివించి ఇనిపిస్తా" అంది.

ప్రతి ఏడూ. ఎంతమంది పిల్లలు విని ఉంటారో నేను అడగలేదు.

మర్చిపోయానని చెప్పవచ్చు. ఏళ్ళయింది, నమ్మేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. నేను మంచివాణ్ణయ్యానని అనుకోవద్దు. అలిసిపోయానేమో. ఆట పేరు చెప్పాను. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చెప్పాను, ఆమె అవతల టైపు చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. నేను నేర్పిన టైపింగే. సరేన్నా, ఉంటా అని పెట్టేసింది. నేను చెప్పాల్సింది ఫోన్లో చెప్పలేదు, అది కూడా రాసుకోండి.

ఇప్పటికి వాళ్ళు చదవడం మొదలుపెట్టే ఉంటారు. ఆట పెద్దది, పంచాయితీ దగ్గరికి రావడానికి కొన్నాళ్ళు పడుతుంది. ఏదో ఒక మధ్యాహ్నం ఆ టీచరమ్మ ఆ బొమ్మ దగ్గరికొచ్చి, ఆ పిల్ల కొండ దిగుతోంది, నవ్వుతోంది అని చెబుతుంది. ఆ గదిలో పిల్లలందరూ ఉంటారు. మల్లీశ్వరి ఉంటుంది. అప్పుడామె ఏమంటుందో, ఏమీ అనకుండా ఉంటుందో, నాకు మళ్ళీ ఫోన్ చేస్తుందో చేయదో. ఫోన్ మోగినప్పుడల్లా చెయ్యి వెంటనే పోవడం లేదు.

ఇంకొకరి నోట ఆమె వినేలోపు, నేను కావాలనే తప్పు చదివానని నా నోటితో ఒకరికైనా చెప్పాలనిపించింది. చెప్పాను.