బల్లల మీద వదిలిన పుస్తకాలు

గ్రంథాలయ వృత్తిలో కలుపుతీత అనే పని ఒకటుంది. ఏడాది పొడవునా ఎవరూ ముట్టని పుస్తకాలను గుర్తించి అరల నుంచి తొలగించడమే ఆ పని. రెండువేల సంవత్సరం నాటి కంప్యూటర్ల భయం తీరిన మరుసటి ఏడాది, సింగపూరులోని టాంపినీస్‌లో నేను పనిచేసిన చిన్న గ్రంథాలయంలో ఆ కలుపుతీత 894.827 దాకా వచ్చింది. దశాంశ వర్గీకరణలో తెలుగు సాహిత్యానికి కేటాయించిన అంకె అది. మాకున్నది ఒక్క అర.

ఆ అర నుంచి ఎవరూ ఒక్క పుస్తకమైనా ఇంటికి తీసుకువెళ్ళలేదని కంప్యూటర్ చూపింది. మా ప్రధాన గ్రంథపాలకురాలు చైనీయురాలు, మృదుభాషిణి. ఏడాది చివరికి ఆ చోటును ప్రోగ్రామింగ్ పుస్తకాలకు ఇస్తామని చెప్పింది. ఆ రోజుల్లో వాటికోసం జనం వంతులు కాసేవారు. అంకెలతో వాదించడం నాకు తెలియదు.

కానీ ఆదివారాలు ఆ సున్నాను ఒప్పుకునేవి కావు. అద్దాల మీద వాన జారుతుండేది. దూరాన రైలు నీటి అడుగున ఈదుతున్నట్టు సాగిపోయేది. ఓడల మరమ్మతు యార్డులలో పనిచేసే మనవాళ్ళు ఆ అర పక్కన కూర్చుని, పెదవులు మాత్రం కదుపుతూ, నిద్రలో నడిచేవారిలా కథల్లోకి వెళ్ళిపోయేవారు. వసతిగదుల్లో తడిసి పాడవుతాయని పుస్తకాలను వెంట తీసుకుపోయేవారు కారు. సాయంత్రం కళ్ళకద్దుకుని, తీసినచోటే పెట్టి వెళ్ళేవారు.

చిక్కంతా అక్కడే ఉంది. లోపల చదివిన పుస్తకాలకూ మాకు లెక్క ఉంటుంది. బల్లల మీద మిగిలినవాటిని సిబ్బంది యంత్రానికి చూపించి, ఆ తర్వాతే అరలో సర్దుతారు. పాఠకుడే సర్దేస్తే ఆ చదువు ఎక్కడా నమోదు కాదు.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక వెల్డరుకు ఇదంతా వివరించి, పుస్తకాన్ని బల్ల మీదే వదలమన్నాను. అతను నావైపు అనుమానంగా చూశాడు.

“సదివిన పుస్తకం అలగ ఒగ్గేసి పోతే సదువులమ్మకి కోపం రాదేటి సార్?”

“అర తీసేస్తే ఆవిడకు ఇక్కడ కూర్చునే చోటే ఉండదు. కోపం సంగతి తర్వాత చూద్దాం.”

“మాయమ్మ సూసిందంటే సెవి మెలిపెడతాది,” అని నవ్వి, పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు. తలుపు దాకా వెళ్ళి, మనసొప్పక తిరిగివచ్చి, దాన్ని బల్ల అంచుకు సమంగా జరిపి వెళ్ళాడు. తోటివారికి నచ్చజెప్పింది అతనే.

ఆపైన ఆదివారం సాయంత్రాలు, పలచని వెలుగులో ఆ బల్లలు పోటు తగ్గాక రేవులో నిలిచిన పడవల్లాంటి పుస్తకాలతో నిండి ఉండేవి. ఒక్కొక్కదాన్ని యంత్రానికి చూపినప్పుడల్లా చిన్న కూత వినిపించేది. ఆ కూత కోసమే నేను నెమ్మదిగా సర్దేవాణ్ణి.

ఏడాది చివర ప్రధాన గ్రంథపాలకురాలు నివేదికను రెండుసార్లు చదివి, తొలగింపు జాబితాలో 894.827ను కొట్టివేసింది. తర్వాత నన్ను ఒక్కటే అడిగింది. ఆదివారాలు కొన్ని బల్లలు ఖాళీ చేయించగలనా అని. కూర్చునే చోటు దొరకడం లేదని ప్రోగ్రామింగ్ పుస్తకాలవారు ఫిర్యాదు చేశారట.