నేను కొట్టేసిన పేరు

వరల్డ్ కప్ కోసం దోహా అంతా తవ్విపోస్తున్న రోజులవి. మా ఆయన పొద్దున్నే స్టేడియం డ్యూటీకి పోతే, అల్ మన్సూరా ఫ్లాట్‌లో కూర్చుని నేను ప్రూఫులు దిద్దేదాన్ని. యూదుల చరిత్ర, సంస్కృతి మీద ఇంగ్లీషులో తయారవుతున్న విజ్ఞాన సర్వస్వం. ఆ పనిలో కొంత హైదరాబాదు కంపెనీకి వస్తే, ఓ ముక్క నా దాకా వచ్చింది. వంటలు, పెళ్ళిళ్ళు, పాటలు, పారిపోయిన దారులు. అబ్బో, ఎన్ని దేశాలు! చదువుతూ కూర్చుంటే పొయ్యి మీద పాలు పొంగినా తెలిసేది కాదు.

తప్పు పట్టుకోవడమంటే నాకు మహా సరదా. ఓ రోజు తూర్పు యూరప్‌లోని ఓ చిన్న ఊరి పేజీ వచ్చింది. అక్కడ తరతరాలుగా బతికిన యూదుల పేర్లు ఇంటింటి వారీగా రాశారు. చివరి తరాన్ని యుద్ధంలో చంపేశారట. ఒక ఇంట్లో ఒకే పేరు రెండుసార్లు కనిపించింది. దొరికావులే అనుకుని ఒకటి కొట్టేసి పంపించాను.

మర్నాడు ఆ పుస్తకం సంపాదకుడే ఫోన్ చేశాడు. ముసలి గొంతు. కోపం లేదు.

"మేడమ్, వాళ్ళు ఇద్దరు. నాయనమ్మ పోయాక పుట్టిన మనవరాలికి ఆమె పేరే పెట్టుకున్నారు. మా యూదుల్లో చాలామందికి అది ఆచారం. చంపేనాటికి ఆ పాపకు ఆరేళ్ళు. ఈ పేజీలో తప్ప ఆ పాప పేరు ఇంకెక్కడా లేదు. అచ్చు ఆపించాను."

సిగ్గుతో చచ్చిపోయాను. నాదీ మా నాయనమ్మ పేరే! అత్త పేరు నోటితో అనకూడదని మా అమ్మ నన్ను ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. "బిడ్డా" అనేది, అంతే. అలాంటి ఇంట్లో పుట్టి నేను చేసిన పని ఇది.

మా ఆయనకు చెప్తే నోరు తెరిచాడు. "ఒక్క పేరు కోసం గంత పెద్ద పుస్తకం ఆపిండ్రా? మా సైటుల గడియ పని ఆగితెనే యల్లా యల్లా, జల్ది కానియ్ అని మీద పడ్తరు!"

నేను అప్పటిదాకా కొట్టేసినవన్నీ మూడు రోజులు కూర్చుని మళ్ళీ వెతికాను. సరిచేసిన పేజీ వచ్చాక ఆ సంపాదకుడు ఫోన్లో దాన్ని పైకి చదవమన్నాడు. తన దగ్గరున్న ప్రతితో సరిచూసుకుంటూ విన్నాడు. ఆ పేరు రెండుసార్లూ చదివాను.

ఉండబట్టలేక అడిగాను. "ఆ పాప మీకేమవుతుంది సార్?"

"ఏమీ కాదు," అన్నాడు. "ఏమైనా అయ్యేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. అందుకే."