ఎర్ర అంచు కట్టిన ఉయ్యాల

దయ్యాలూ మాయలూ నేను ఏనాడూ నమ్మలేదు. తమిళనాట పాపారపట్టిలో విత్తనాల అంగడి నడిపేవాణ్ణి. వేసిన గింజ మొలిచిందా లేదా, అంతే నాకు తెలిసిన సంగతి. ఒక్క మధ్యాహ్నం మాత్రం నాకు అంతుపట్టలేదు.

ఎనభైల చివరి మాట. నాకు వృషణంలో క్యాన్సరని ఆపరేషన్ చేసి ఒకటి తీసేశారు. సిగ్గుతో ఇంట్లో హెర్నియా అని చెప్పాను. ఏడాదికే జబ్బు కడుపులో తిరగబెట్టింది. మద్రాసు డాక్టరు అప్పటికి కొత్తదైన వైద్యం చెప్పాడు. నా తుంటి ఎముకలోని మూలుగ తీసి దాచి, చాలా ఘాటైన మందులిచ్చి, ఆ తర్వాత నా మూలుగ నాకే ఎక్కిస్తారట. ప్రాణం దక్కవచ్చు, పిల్లలు మాత్రం పుట్టరు, భార్యకు చెప్పండి అన్నాడు.

చెప్పలేదు. సరోజతో కడుపులో పుండు అన్నాను. నిజం మా తమ్ముడొక్కడికే తెలుసు. అప్పటికే మా అమ్మ ఆమెను గొడ్రాలని సాధిస్తుండేది. నేను అంగడికి లేచిపోయేవాణ్ణి.

మూలుగ ఎక్కించిన రోజు అద్దాల గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. మధ్యాహ్నం, మంచి వెలుతురు. సీసా వేలాడే కొక్కేనికే జానెడు చెక్క ఉయ్యాల, మా వైపు తొట్టిలంటారు, ఊగుతోంది. ఒకవైపు పసుపుదారం, ఇంకోవైపు ఎర్ర చీర అంచు. కళ్లు నులుముకుని చూశాను. ఉంది. నర్సుకు కనబడలేదు. అద్దం అవతలున్న తమ్ముడికి చెబితే జ్వరంలే అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

నెల తర్వాత బోడితలతో ఇల్లు చేరాను. అన్నం వడ్డిస్తూ సరోజ తనంతట తానే చెప్పింది.

"మర్నాడు మీకు పెద్ద మందు ఎక్కిస్తారని మరిది ఫోనులో చెప్పిన దినమే మారెమ్మ గుడికి పోయినాను. బిడ్డ కావాలని కొమ్మకు తొట్టిలు కట్టినాను. పసుపుదారం చాలక నా ఎర్రచీర అంచు చించినాను. మర్నాడు పోయి చూస్తే తొట్టిలు లేదు. అమ్మ నాకు బిడ్డ వద్దనేసింది. కొరత నాలోనే ఉండాది."

పక్కన తింటున్న తమ్ముడి చెయ్యి ఆగిపోయింది. నా వైపే చూశాడు. నేను తల వంచుకుని, మజ్జిగ పొయ్యమన్నాను.

మందుల మత్తే అయితే, ఆమె కట్టడం చూడని నాకు ఆ అంచు ఎలా కనబడింది? కొమ్మకున్న ఉయ్యాల ఏమైంది? ఇప్పటికీ తెలియదు. నేను బతికాను. ఆమె మళ్లీ ఆ గుడికి పోలేదు.

సరోజ ఇప్పుడు పక్కనే కూర్చుని అనపకాయల గింజలు ఒలుస్తోంది. "ఇంతసేపుగా ఏమి రాస్తా ఉండారు?" అని అడిగింది. "ఊరికే" అన్నాను.

నాకు తెలుగు అక్షరాలు మా నాయన నేర్పాడు. ఆమె చదివింది తమిళ బడిలో, తెలుగు చదవడం రాదు. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను.