అన్న పేరున మూడు దోసిళ్లు

దెయ్యాలు, పూనకాలు అంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. బడిలో సైన్సు చెబుతాను. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలోనే తుంచేసేదాన్ని. అయినా ఇది రాస్తున్నాను. ఎందుకంటే నా చేతులతో నేనే తుడిచాను.

మాది పాల్వంచ దాటాక అడవి అంచున ఊరు. రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులు. మా అన్నకు ఆహార గొట్టంలో క్యాన్సర్ వస్తే హైదరాబాదులో కరెంటు పెట్టించాం. రేడియేషన్‌ను మా వైపు అలాగే అంటారు. గడ్డ కరిగిందన్నారు. గండం గడిచిందనుకున్నాం.

కొన్ని నెలలకు నీళ్లు తాగితే చాలు, ఊపిరాడనంత దగ్గు. కరెంటు పెట్టిన చోట కండ చివికి, ఆహార గొట్టానికీ ఊపిరి గొట్టానికీ మధ్య రంధ్రం పడిందని డాక్టర్ చెప్పాడు. ఏది మింగినా ఊపిరితిత్తుల్లోకే పోతుందట. పొట్టకు ట్యూబు వేసి, నోటికి చుక్క కూడా ఇవ్వొద్దన్నాడు.

ట్యూబులో జావ పోస్తే కడుపు నిండేది. దాహం తీరేది కాదు.

"చెల్లె, దూపైతుందే. ఒక్క గుక్క పొయ్యి" అని పొద్దంతా అడిగేవాడు. తడిగుడ్డ పెదాలకు అద్దడం తప్ప నేనేం చేయగలను? ఆ మాట వినలేక చచ్చిపోదామనిపించేది.

అమ్మ భయం వేరు. దూపతో పోయినవాడు నీళ్ల కోసం ఇంటి చుట్టూ తిరుగుతాడని ఆమె నమ్మకం. నేను బడికి వెళ్లినప్పుడు చెంచాడు తులసి నీళ్లు నోట్లో పోసింది. నిమోనియా వచ్చి దవాఖానాలో పడ్డాడు. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు ఇల్లు చేరాడు.

ఎండాకాలంలో ఒక పొద్దున అమ్మ భద్రాచలం బస్సెక్కింది. "గోదారమ్మకు మొక్కొస్త" అంది, అంతే.

ఆ మధ్యాహ్నం అన్న నిద్రలో గుటకలు వేయడం చూశాను. దగ్గు ముంచుకొస్తుందని హడలిపోయి లేపి కూర్చోబెట్టాను. దగ్గలేదు. పెదాల పక్క నుంచి నీళ్లు కారుతుంటే తువ్వాలుతో తుడిచాను. గరుకుగా తగిలింది. చూస్తే ఇసుక. సన్నటి, మెరిసే ఇసుక. మాది ఎర్రమట్టి నేల. జావ కూడా నేనే గుడ్డలో వడగట్టేదాన్ని.

"సల్లగున్నయే నీళ్లు" అని అన్న మళ్లీ పడుకున్నాడు.

సాయంత్రం అమ్మ వచ్చింది. మంచాన పడ్డవాళ్ల పేరున ఇంట్లోవాళ్లు నది నీళ్లు తాగడం ఆమె పుట్టింటి ఆచారం. నేను నోరు తెరవకముందే తనే చెప్పింది.

"వాని పేరు మీద మూడు దోసిళ్లు తాగిన బిడ్డా. జనం తొక్కి రేవు నీళ్లంత కలకజేసిండ్రు. ఇసుకొచ్చినా ఊంచలే, మింగిన, మొక్కు నీళ్లు గదా."

మా ఊళ్లో అప్పుడు ఫోను సిగ్నలే లేదు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే దారి లేదు.

తువ్వాలు చూపించాను. ఇసుకను వేలితో రాసి చూసింది. "అయితే వానికి అందినయ్" అని గోడకు చేరగిలబడి ఏడ్చింది.

అన్న మళ్లీ నీళ్లడగలేదు. ఆ నెలలోనే పోయాడు. ఆఖరి రోజు పెదాలు తడపబోతే, వద్దని తల ఊపాడు.

తర్వాత డాక్టర్‌ని అడిగాను. అది లాలాజలం అయ్యుంటుందన్నాడు. ఇసుక సంగతి అడిగితే తర్వాతి పేషెంటును పిలిచాడు.

దెయ్యాలను ఇప్పటికీ నమ్మను. నేను పొయ్యలేని నీళ్లు ఆ రోజు మా అన్నకు ఎవరు పోశారో మాత్రం నాకు తెలియదు.