చిన్న దెబ్బ అన్న మాటకు అర్థం

గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి నేను అందించిన మంచినీళ్ళు వద్దన్నప్పుడు నాకు మొదటిసారి భయమేసింది.

అతను మా ఆయనతో గనిలో పనిచేసేవాడు. మొదటి షిఫ్టు అయిపోయే వేళకు సైకిల్ మీద వచ్చాడు. "వదినె, అన్నకు చిన్న దెబ్బ తాకింది. కాలికే. దవాఖానకు తీస్కపోయిన్రు. ఫికర్ చెయ్యకు, నిమ్మలంగ రా" అన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. చెంబు ఇస్తే చెయ్యి చాపలేదు. నా ముఖం చూడకుండా నేలవైపే చూస్తూ నిలబడి, మళ్ళీ సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

అంతకు ముందు క్షణం వరకు నేను పక్క క్వార్టరు అక్కకు వారపత్రికలోని గళ్ళ పజిల్ విప్పి చెబుతున్నాను. వరంగల్‌లో కాలేజీ చదువుతోపాటు పట్టుకున్న అలవాటది. గోదావరిఖనికి కాపురానికి వచ్చాక, ఆయన బాయిలోకి దిగిన పూటల్లా నా గుండెదడకు అదే మందయింది. ఇక్కడివాళ్ళు గనిని బాయి అంటారు. ఆయన భూమి కింద ఉన్నంతసేపూ నేను అడ్డం, నిలువు గళ్ళలో తల దూర్చుకుని కూర్చునేదాన్ని.

అక్కకు చదువు రాదు. కానీ ఆధారాలు వినడమంటే ఇష్టం. ఆ రోజు చెబుతున్నది, 'పచ్చని తోరణం వెనక యుద్ధం, రెండక్షరాలు'.

"గుమ్మానికి కట్టే తోరణం గురించి ఆలోచించకు అక్కా. ఆ మాటనే చూడు. ముందున్న 'తో' తీసేస్తే ఏం మిగిలింది?"

"రణం."

"రణమంటే?"

"యుద్ధమే. అంటే పండుగ పండుగకు ఇంటికి యుద్ధం కట్టుకుంటున్నమన్నట్టు. మా అత్త ఉన్న ఇంటికి అది కట్టకున్నా నడుస్తది."

"ఇనవడుతున్నదే నాకు" అని గోడ అవతల నుంచి అత్త గొంతు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సైకిల్ గంట అప్పుడే మోగింది.

మా ఆయనకు పజిళ్ళ మీద ఆసక్తి లేదు. పెళ్ళయిన కొత్తలో మాత్రం ఒకరోజు షిఫ్టు నుంచి వస్తూనే, మసి ముఖం కడుక్కోకుండా, "నిగనిగల నడుమ మేం దిగే చోటు. రెండక్షరాలు. చెప్పు చూద్దాం" అన్నారు. నిగనిగలో మొదటి అక్షరం, చివరి అక్షరం తీసేస్తే గని. నేను వెంటనే చెప్పేశాను. "షిఫ్టంత కూడబలుక్కుంట దాన్ని తయారు జేసిన. జరసేపు ఆలోచించినట్టన్న చెయ్యరాదు" అని చిన్నబుచ్చుకున్నారు. ఆ పూట అన్నం రెండుసార్లు వడ్డించి బతిమాలుకున్నాను.

ఆధారం పైకి చెప్పేదాన్ని నమ్మకూడదు. అసలు మాట దాని వెనక ఉంటుంది. అక్కకు నేను నేర్పిన సూత్రం అదే. అయితే ఈ కాలనీకి ఆ సూత్రం నేను రాకముందే తెలుసు. ఇక్కడ చెడు వార్తను ఎవరూ నేరుగా చెప్పరు. ముందు చిన్న దెబ్బ అంటారు. దవాఖాన గేటు దగ్గర గుండె ధైర్యం చేసుకోమంటారు. మిగిలింది లోపలికి వెళ్ళాకే తెలుస్తుంది. అలాంటి వార్త తెచ్చినవాడు ఆ ఇంట్లో నీళ్ళు ముట్టడు. అంతకు ముందు ఎండాకాలంలో మా వెనక వరుసలోని ఒకామె, చిన్న దెబ్బేనని విని, భర్త కోసం అన్నం గిన్నె పట్టుకుని బయలుదేరింది. ఆ గిన్నె మూత తీయకుండానే భర్త శవంతో తిరిగొచ్చింది.

నేను గిన్నె తీసుకోలేదు. మా పిల్లలిద్దరినీ అక్క అత్తగారికి అప్పగించాను. అక్క, నేను రిక్షా ఎక్కాం.

"కాలికని చెప్పిండు గదా. కాలంటే కాలే" అంది అక్క.

"నీళ్ళు తాగలేదక్కా. ముఖం కూడా చూడలేదు."

అక్క నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఆమె ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

దవాఖానలో నర్సు వార్డు చివరి మంచం చూపించింది. ఆ మంచం మీద మా ఆయన దిండుకు ఆనుకుని కూర్చున్నారు. కుడికాలికి తెల్లటి కట్టు. సైకిల్ మీద వచ్చినతను పక్కనే స్టూలు మీద ఉన్నాడు.

"వట్టి చేతులతోటే వచ్చినవా? పొద్దటిసంది ఏం తినలే" అన్నారు ఆయన.

నేను మంచం పట్టె పట్టుకుని కింద కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు. ఎందుకని ఆయన అడుగుతుంటే, అంతా అక్కే చెప్పింది. వార్త తెచ్చినతను బిత్తరపోయాడు.

"అయ్యో వదినె, నా బూట్ల నిండ బాయి బురద. నువ్వేమో అప్పుడే గచ్చు కడిగినవు. లోపల అడుగెట్ల పెట్టాలె? ఎక్కడ బురద రాలుతదోనని కిందికే చూస్తున్న. నీళ్ళంటవా, మళ్ళ జల్ది ఇక్కడికి రావాలెనని తాగలే."

"గీ పజిళ్ళు జేసి జేసి, మనిషి కాళ్ళను గూడ నమ్ముతలేదు" అంది అక్క. ఆయన నవ్వబోయి, నొప్పికి ఆగిపోయి, నా తల మీద చెయ్యి వేశారు. ఆ చేతికి ఇంకా బొగ్గు వాసన ఉంది.

ఆయన కాలు ఇప్పుడు నయమైంది. రెండో షిఫ్టుకు వెళ్ళారు. పిల్లలు పడుకున్నాక, ఆయన వచ్చేలోగా ఇది రాస్తున్నాను. నా భయం మాత్రం పూర్తిగా పోలేదు, పోతుందనీ అనుకోను.

ఆ రోజు నేను ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయారు. అక్క అత్తగారు గడపలో కూర్చుని ఉంది. "బిడ్డ తిన్నది. పిలగాడే ముద్ద ముట్టలే. బాపు మంచిర్యాల పోయిండు, రేపొస్తడని చెప్పిన. 'మరి బాపు చెప్పులు ఇక్కడనే ఉన్నయి గదా అవ్వా' అన్నడు."

వెనక వరుసలోని ఆమె కొడుకు మావాడి తరగతిలోనే ఉండేవాడు. వాడికి కూడా మొదట బాపు ఊరికి పోయిండనే చెప్పారు. నా కొడుకు ముఖం గోడవైపు తిప్పుకుని పడుకున్నాడు. వాడి బుగ్గ మీద కన్నీటి చార ఎండిపోయి ఉంది. నేను దారి పొడుగునా చేసినట్టే, ఆరేళ్ళ పసివాడు ఒక్కడే కూర్చుని మాట వెనక మాట వెతికాడు.

తెల్లవారి ఇద్దరినీ లేపి, ముఖాలు కడిగి, నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"బాపు మంచిర్యాల పోలే. బాయిల బొగ్గు పెళ్ళ పడి కుడికాలు విరిగింది. దవాఖానల కట్టు కట్టిన్రు. నొప్పి ఉన్నది. ప్రాణం మంచిగనే ఉన్నది, నాతోటి మాట్లాడిండు, ఆకలైతున్నదని కోపం జేసిండు. మీరు తిన్నంక ముగ్గురం పోయి చూసొద్దాం. నేను చెప్పింది ఎట్లున్నదో గట్లనే. దీని వెనక ఇంకేం లేదు బిడ్డా."